సమస్య: డొక్కు కారు నెక్కి చుక్క దాకె

నిర్వాహకుడు:
నిన్న పొద్దున్న పాల ప్యాకెట్టుకు వెళ్తే, మా వీధి చివర ఒకాయన పాత ఫియట్టు బానెట్ ఎత్తి రేడియేటర్లో నీళ్ళు పోస్తున్నారు. బడికి వెళ్తున్న పిల్ల ఒకతి ఆగి "డొక్కు కారు!" అని కేకేసింది. ఆయన కోప్పడలేదు. "ఎక్కు తల్లీ, చుక్కల దాకా తీసుకెళ్తుంది" అన్నారు. ఇంటికొచ్చే లోపల ఈ పాదం కుదిరింది. దీన్ని చివరి పాదంగా ఉంచి, ముందు మూడు పాదాలు రాసి, ఈ అసాధ్యమైన మాటకు అర్థం కుదర్చాలి. అదే పూరణ. ఆదివారం రాత్రి దాకా గడువు. కానివ్వండి.

డొక్కు కారు నెక్కి చుక్క దాకె

లంకల పంతులు:
పాదం ముచ్చటగా ఉంది. "చుక్కఁ దాకె" అని అరసున్న పడాలి కదండీ. "చుక్కను" అని ద్వితీయా విభక్తి కదా.

నిర్వాహకుడు:
తెలిసే వదిలేశాను పంతులుగారూ. ఎందుకో ఎవరైనా పట్టుకుంటారేమో చూద్దాం.

తుంగభద్ర తీరం:

తాత పాత బండి తలుపు తీసి కునుకు
పట్ట బాలునకును పట్టపగలె
కలను వాడు దాని కళ్ళెమ్ము చేపట్టి
డొక్కు కారు నెక్కి చుక్క దాకె

లంకల పంతులు:
"పట్ట బాలునకును పట్టపగలె" దగ్గర చెవికి హాయిగా ఉంది. కానీ కల! అసాధ్యమైన సమస్య రాగానే కలలోకి దూరిపోతే ఇక పూరణ ఎందుకు? కలలో ఏనుగు చీమ కడుపులో దూరుతుంది, సముద్రం చెంబులో పడుతుంది. పైగా కారుకు కళ్ళెం ఏమిటి నాయనా? గుర్రానికి కళ్ళెం, ఎద్దులకు పగ్గం, కారుకు స్టీరింగు.

పాతబస్తీ పద్యం:
పంతులుగారికి ఒక సంగతి గుర్తు చెయ్యాలి. పోయిన నెల "కోడి గుడ్డు మీద కొండ నిలిచె" ఇచ్చినప్పుడు మీ పూరణ ఏమిటి? పటంలో గుడ్డు, పటంలో కొండ. పటంలోకి దూరితే తప్పు లేదు గానీ కలలోకి దూరితే తప్పా? పిల్లవాడు తాత కారులో నిద్రపోవడం నిజంగా జరిగే పని. మా ఇంట్లో నేనే అలా పడుకునేవాణ్ణి.

లంకల పంతులు:
పటం కంటికి కనపడుతుంది బాబూ. ఒకడు గీశాడు, ఇంకొకడు చూశాడు. కల అలా కాదు. ఆ పద్యం మీద మీకు అప్పటి నుంచీ గుర్రుగా ఉందని తెలుసు. దాని సంగతి ఆ పుటలోనే తేల్చుకుందాం.

గగన విహారి:
నాది కల కాదు, పటం కాదు. లోకమంతా టీవీలో చూసింది.

ఎలను మస్కు పాత యెఱ్ఱని రోడ్‌స్టరు
కారు రాకెటెక్కి గగన మెగసె
బొమ్మ యొకటి చేతఁ బూని చక్రము నంత
డొక్కు కారు నెక్కి చుక్క దాకె

2018 ఫిబ్రవరి 6న ఫాల్కన్ హెవీ రాకెట్ మొదటిసారి లేచినప్పుడు, బరువు కోసం దాంట్లో పెట్టింది ఎలాన్ మస్క్ సొంతంగా వాడుకున్న కారునే. డ్రైవరు సీట్లో స్పేస్ సూటు తొడిగిన బొమ్మ. ఆ కారు ఇప్పటికీ సూర్యుడి చుట్టూ తిరుగుతోంది.

ప్రవాస కోకిల:
"చేతఁ బూని చక్రము" చాలా బాగుంది. చక్రధారి గుర్తొచ్చాడు.

ఆటోనగర్ కవి:
పద్యం బాగుంది తమ్ముడూ, కానీ నాకు ఒక్క దగ్గర మింగుడు పడలేదు. అది పాత కారు, సరే. డొక్కు కారు ఎలా అయింది? సెకండ్‌హ్యాండ్ అయినంత మాత్రాన డొక్కు కాదు. విజయవాడ ఆటోనగర్లో ముప్ఫై ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్నాను. పాతకీ డొక్కుకీ తేడా చెప్పకపోతే రాత్రి నిద్ర పట్టదు నాకు.

బండి డొక్కో కాదో తలుపు వేస్తే తెలుస్తుంది. మంచి బండి తలుపు వేస్తే 'దబ్' అని ఒక్కటే చప్పుడు. డొక్కు బండి తలుపు వేస్తే ముందు దబ్, తర్వాత లోపల అద్దం గలగల, ఆపైన హ్యాండిల్ కటకట, అన్నీ సర్దుకున్నాయి అనుకునేసరికి టక్కుమని ఒక స్క్రూ కింద పడుతుంది. తర్వాత పొగ చూడాలి. నీలం పొగ వస్తే ఇంజనాయిలు కాలుతోంది, రింగులు అరిగాయన్న మాట. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. ఈ మూడూ ఉన్నా పొద్దున్నే బయల్దేరితే దాన్ని డొక్కు బండి అనాలి. బయల్దేరకపోతే అది తుక్కు. తుక్కుకు పద్యం ఎందుకు?

పాతబస్తీ పద్యం:
అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. వయసుకు, ఆ మాటకు సంబంధం లేదు. మా చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, పసుపు రంగుది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేయించుకున్నది, ఆయన 1911లోనే పోయారు, బండి ఏడో నిజాం ఏలుబడిలో వచ్చింది. నూట పదేళ్ళు దాటింది. దాని ముందు నిలబడి డొక్కు కారు అని అనగలరా ఎవరైనా? నోరు రాదు. అదే మా గల్లీలో పన్నెండేళ్ళ కారు ఒకటి ఉంది, బంపరుకు తీగ కట్టి. దాన్ని చిన్నపిల్లలు కూడా ఖటారా అంటారు. మా దగ్గర డొక్కు కన్నా ఖటారా, డబ్బా ఎక్కువ.

లంకల పంతులు:
సర్కారు మాత్రం వయసే చూస్తుంది. పదిహేనేళ్ళు నిండిన కారు రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలంటే 600 రూపాయలుండేది 2022 ఏప్రిల్ 1 నుంచి 5000 చేశారు. వాళ్ళు తేదీ చూస్తారు, జనం చప్పుడు వింటారు. మా నాన్నగారి తరం ఇలాంటి బండిని డకోటా అనేది. యుద్ధకాలపు డకోటా విమానాలు తర్వాత డెక్కన్ ఎయిర్‌వేస్ వాళ్ళు బేగంపేట నుంచి నడిపారు. గగన విహారీ, మీకు కావలసింది ఆ మాట. డకోటా అయితే ఆకాశానికి దానంతటదే ఎగిరేది, రాకెట్టు అక్కర్లేదు.

డొక్కు అనగానే నాకు మాత్రం డొక్క గుర్తొస్తుంది. డొక్కలు లోపలికి పోయిన ముసలి ఎద్దు. వ్యుత్పత్తి అని అనడం లేదు, నా చెవికి అలా వినపడుతుంది. డొక్కు సైకిలు, డొక్కు బస్సు, డొక్కు స్కూటరు అంటాం. డొక్కు కుర్చీ అనం. నడిచే వస్తువుకే ఆ మాట.

నా పూరణ:

అంబసిడరు బండి యాబదేండ్లైనను
చెక్కు చెదర లేదు చేవ తగ్గ
లేదు ఘాటు రోడ్డు రివ్వున నెక్కుచు
డొక్కు కారు నెక్కి చుక్క దాకె

పాడేరు ఘాటు రోడ్డు మీద, రాత్రి పూట. పైకి వెళ్ళాక చుక్కలు చేతికందేట్టు ఉంటాయి.

ఆటోనగర్ కవి:
పంతులుగారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. "చెక్కు చెదర లేదు" అన్నాక "డొక్కు కారు" ఎలా అవుతుందండీ? ఇంత సేపూ మనం మాట్లాడుకున్నది అదే కదా. పైగా అంబాసిడర్ ఘాటు రోడ్డు రివ్వున ఎక్కడం నేను చూడలేదు. రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతుంది, సగం దారిలో ఆపి బానెట్ ఎత్తి, గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పితే బుస్సుమని ఆవిరి వస్తుంది. చల్లారాక నీళ్ళు పోసుకుని మళ్ళీ బయల్దేరాలి. "రివ్వున" తీసేసి ఆ ఆవిరిని పెడితే పద్యం బతుకుతుంది. ఉత్తర్‌పారాలో 2014లో తయారీ ఆపేసేదాకా ఆ బండి ఆ బండిలాగే ఉంది, అదే దాని గొప్ప.

పాతబస్తీ పద్యం:
నేను ఇంకొకటి చెప్తాను. "అంబాసిడర్"లో దీర్ఘం ఎక్కడికి పోయింది? "అంబసిడరు" అట! గణం కోసం, అంటే అక్షరాల లెక్క కోసం, కారు నడుం విరిచేశారు. మేమెవరమైనా ఈ పని చేస్తే పంతులుగారు ఊరుకునేవారా?

లంకల పంతులు:
మా వైపు రిక్షా వాళ్ళు అలాగే అంటారు, అంబసిడరని. విని రాసిందే. "రివ్వున" విషయంలో మాత్రం ఆటోనగర్ కవి గారి మాట ఒప్పుకుంటున్నాను. యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం కోసం, వెతుకుతుంటే దొరికిన మాట అది. బండిని చూసి రాయలేదు.

ప్రవాస కోకిల:
డల్లాస్ నుంచి నాది. ఇక్కడికి చదువుకు వచ్చిన మన పిల్లలందరూ ముందు కొనేది సీనియర్ల దగ్గర ఒక డొక్కు కారే. ఇక్కడి వాళ్ళు బీటర్ అంటారు, పాతకాలం వాళ్ళు జలోపీ అనేవారు. నేను అలాంటి దాంట్లోనే చికాగో నుంచి వచ్చాను, రెండు రోజులు, హీటర్ లేకుండా.

చదువు ముగిసినంత చౌకగా కొన్నట్టి
దాని తోలుకొనుచు దారి వెంట
ఒంటితార జెండ యూరించ టెక్ససు
డొక్కు కారు నెక్కి చుక్క దాకె

టెక్సస్ జెండా మీద ఒకే ఒక్క చుక్క ఉంటుంది. 1839 నుంచీ అదే జెండా. రాష్ట్రానికే ఒంటి చుక్క రాష్ట్రమని పేరు.

పాతబస్తీ పద్యం:
అబ్బ! చుక్కకు జెండా! ఇంత దూరం ఎవరి ఊహా పోలేదు.

తుంగభద్ర తీరం:
విరుపు అద్భుతం. కానీ మూడో పాదంలో "టెక్ససు" దేనికీ అతుక్కోకుండా గాలిలో వేలాడుతోంది. టెక్ససు జెండా అని అర్థం చేసుకోవాలంటే వెనక్కి నడవాలి.

ప్రవాస కోకిల:
నిజమే. అక్కడే ఒక పూట కూర్చున్నాను. టెక్ససు పేరు లేకపోతే ఒంటితార ఎవరికీ అర్థం కాదేమో అన్న టెన్షన్‌తో ఇరికించాను.

లంకల పంతులు:
అర్థమవుతుంది తల్లీ. చదివేవాళ్ళను నమ్మాలి.

ఆటోనగర్ కవి:
నేను అంత దూరం వెళ్ళలేదు. మా అత్తగారి వాకిట్లోనే ఆగిపోయాను.

పండుగకని వచ్చె పల్లెకు నల్లుండు
వాకిలెదుట బ్రేకు పట్టలేదు
ముగ్గు నడుమ నాగె ముందు చక్ర మకట
డొక్కు కారు నెక్కి చుక్క దాకె

నిర్వాహకుడు:
ముగ్గు చుక్క! నేను పాదం ఇచ్చినప్పుడు ఇది నాకు తోచనే లేదు. పొద్దున్నే లేచి ఇరవయ్యొక్క చుక్కలు పెట్టి కలిపిన ముగ్గు మీద అల్లుడి టైరు. అత్తగారు ఏమీ అనలేదు, అల్లుడు కదా.

గగన విహారి:
పద్యం నాకూ నచ్చింది, కానీ ఒక అనుమానం. "వాకిలెదుట బ్రేకు" అన్నచోట 'బ్రే' సంయుక్తాక్షరం. దాని ముందున్న 'ట' గురువు, అంటే ఊనిక పడే అక్షరం, అవ్వాలి కదా? అప్పుడు గణం పోయినట్టే. నా పద్యాన్ని మాట దగ్గర పట్టుకున్నారు కాబట్టి, నేను అక్షరం దగ్గర పట్టుకుంటున్నాను.

లంకల పంతులు:
పోదు. ఒకే సంస్కృత సమాసంలో ఉంటే ముందక్షరం గురువు అవుతుంది. "గుణప్రభ" అంటే 'ణ' మీద ఊనిక పడుతుంది. విడి తెలుగు మాట తర్వాత వస్తే పడదు. "వాడు ప్రాణమిచ్చె" అని చదివి చూడండి, 'డు' మీద నాలుక ఆగుతుందా? "వాకిలెదుట" వేరు, "బ్రేకు" వేరు. బ్రేకు పట్టలేదు గానీ గణం మాత్రం పట్టింది. అనుమానం అడగడం మంచిదే.

గగన విహారి:
చదివి చూశాను. ఆగలేదు. ఒప్పుకుంటున్నాను.

పాతబస్తీ పద్యం:
ఇక నాది. మొన్న రాత్రి చాదర్‌ఘాట్ దగ్గర నిజంగా జరిగింది.

ముల్లు సున్న చేరె మూసీ నది దరిని
బంకు దూరమాయె బండి యాగె
సీస నెత్తి పోయ సీదాగ నింజను
డొక్కు కారు నెక్కి చుక్క దాకె

తుంగభద్ర తీరం:
అర్థం కాలేదు. ఎవరు ఎక్కారు? ఎవరు తాకారు?

పాతబస్తీ పద్యం:
చుక్కే ఎక్కింది. చుక్కే తాకింది. పెట్రోలు చుక్క. బండి ఎక్కి సీదాగా ఇంజనును తాకింది.

లంకల పంతులు:
లేచి నిలబడి చదువుతున్నాను. నా అరసున్న ఆక్షేపణకు ఇదే సమాధానం! చుక్క కర్త అయితే అది ప్రథమా విభక్తి. ప్రథమ మీద వచ్చే పరుషానికి గసడదవాదేశం వచ్చి, అంటే క చ ట త ప లు గ స డ ద వ లుగా మారి, 'తాకె' కాస్తా 'దాకె' అవుతుంది. అరసున్న అక్కర్లేదు. చుక్క కర్మ అయితే "చుక్కను"లోని నకారం, అంటే ద్రుతం, వల్ల 'త' సరళమై అదే 'దాకె'. రెండు దారులూ ఒకే అక్షరం దగ్గర కలిశాయి. నిర్వాహకులు అరసున్న ఎందుకు వదిలేశారో ఇప్పుడు తెలిసింది. మనం అయిదుగురం చుక్కను తాకడానికి పరిగెత్తాం, ఈయన చుక్కనే పరిగెత్తించాడు. మా ఇద్దరి మధ్య ఎన్ని మాటలు నడిచినా సరే, ఈ పద్యానికి నా నమస్కారం. "సీదాగ" కూడా నాకు నచ్చింది. "నేరుగ" అంటే ఈ వేగం రాదు.

పాతబస్తీ పద్యం:
పంతులుగారూ, మీ నోటి నుంచి ఈ మాట కోసం రెండేళ్ళుగా రాస్తున్నాను. కోడిగుడ్డు గొడవ వదిలేస్తున్నాను.

చీరాల చినుకు:
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా నాన్నకు ప్రీమియర్ పద్మిని ఉండేది. దాన్ని తోయని రోజు నాకు గుర్తు లేదు. తప్పులుంటే చెప్పండి.

పద్మిని యను పేరు పెట్టిరి దానికి
మేని రంగు పోయె మెరుపు పోయె
తోయువారి కెల్ల తోచె చుక్కలు వాడు
డొక్కు కారు నెక్కి చుక్క దాకె

ఆటోనగర్ కవి:
తోసేవాళ్ళకు చుక్కలు కనపడ్డాయి, ఎక్కినవాడు చుక్కను తాకాడు. అమ్మా, ఇది తోసినవాళ్ళే రాయగలరు. పద్మినిని తోసేటప్పుడు వెనక రెక్కల్లాంటి అంచు మీద చెయ్యి వేయకూడదు, అరచేతికి గీత పడుతుంది. డిక్కీ మధ్యలో వెయ్యాలి. లోపలున్నవాడు రెండో గేరులో క్లచ్ వదలాలి, అదీ స్టీరింగు పక్క గేరు. ఒక్కసారి కుదిపి అందుకుంటుంది. అప్పుడు తోసేవాళ్ళు ముందుకు తూలి పడిపోతారు.

గగన విహారి:
"చుక్కలు" అని మూడో పాదంలో ఉండగా నాలుగులో మళ్ళీ "చుక్క". పునరుక్తి కాదా?

పాతబస్తీ పద్యం:
కాదు. అక్కడ బహువచనం, ఇక్కడ ఏకవచనం. వాళ్ళకు బోలెడు, ఇతనికి ఒక్కటి. ఆ తేడాలోనే పద్యమంతా ఉంది. ముట్టుకోవద్దు.

లంకల పంతులు:
మొదటి పాదంలో మాత్రం జారింది చినుకమ్మా. 'ప'కూ 'పె'కూ యతి చెల్లదు, అచ్చు కుదరలేదు. "పెట్టిరి దానికి" తీసేసి "పడెనంట దానికి" అని చూడు. ఆ బండికి ఆ పేరు నిజంగా మధ్యలో పడిందే. మొదట ఫియట్ 1100 డిలైట్, 1972లో ప్రెసిడెంట్, 1974లో పద్మిని.

చీరాల చినుకు:
"పడెనంట" పెట్టి నాన్నకు ఫోనులో చదివి వినిపించాను. రెండో పాదం దగ్గర ఆపేశారు. "రంగు పోయింది నిజమే, మెరుపు పోయిందని ఎవరు చెప్పారు నీకు? తుక్కువాడికి ఇచ్చిన రోజు కూడా హెడ్‌లైట్ల చుట్టూ రింగులు తుడిచే ఇచ్చాను. అందులో నా ముఖం కనపడింది. అబద్ధం రాయకు" అన్నారు. మార్చాను.

పద్మిని యను పేరు పడెనంట దానికి
మేని రంగు పోయె మెరుపు మిగిలె
తోయువారి కెల్ల తోచె చుక్కలు వాడు
డొక్కు కారు నెక్కి చుక్క దాకె

ఆటోనగర్ కవి:
ఆ రింగులు ఇప్పుడు ఎంత వెతికినా దొరకవు. నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

నిర్వాహకుడు:
గడువు ముగిసింది. పాతబస్తీ వారి పెట్రోలు చుక్క, ఆటోనగర్ వారి ముగ్గు చుక్క, చినుకు గారి పద్మిని. ఈ మూడింటినీ పుట పైన ఉంచుతున్నాను. చినుకు గారి పద్యాన్ని నాన్నగారు దిద్దిన పాఠంతోనే.